రెండుసార్లు అరిచిన వీధి

కాస్త ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతు చించుకుని చెప్పే కథ కాదు.

ఇళ్లలో టీవీలు లేని రోజులవి. పెద్ద ఫుట్‌బాల్ పోటీ ఉందంటే వీధి వీధంతా రేడియోలు బాగుచేసే షాపు ముందు చేరేది. షాపాయన గుమ్మం పైన లౌడ్‌స్పీకరు కట్టేవాడు. ఎదురుగానే టైలరు మాస్టారి కొట్టు. అక్కడ చొక్కాలకు కాజాలు కుట్టే ఆవిణ్ణి అందరూ కాజాలక్క అనేవారు. పదేళ్లప్పుడు జ్వరమొచ్చి ఆమె చెవులు పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకునేది. తన మాట మాత్రం మిగిలింది, అదీ కాస్త గట్టిగానే.

ఆ ఏడు ఫైనల్లో గోల్‌కీపరు ఆమె తమ్ముడు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. ఆట ఎక్కడో దూరపు ఊళ్లో.

"అందరూ గంతులేశాక అప్పుడు నాకు చెబుతారు మాస్టారూ, చల్లారిన అన్నం పెట్టినట్టు," అంది ఆ ఉదయం సూదిలో దారం ఎక్కిస్తూ. "ఈ ఒక్కసారైనా అందరితో పాటే నాకూ తెలియాలి."

మధ్యాహ్నం మాస్టారు బట్టలు కత్తిరించే బల్లను అరుగు మీదికి లాగి, దాని మీద సుద్దముక్కతో మైదానం గీశాడు. నల్ల బొత్తాం బంతి. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఆమె తమ్ముడు.

"ఏం మాస్టారూ, ఈ వయసులో బొత్తాలాటా?" అన్నాడు షాపాయన.

"నువ్వు గొంతు పెంచవయ్యా. పెట్టె గొంతు, నీది కాదు."

రేడియో చెబుతున్నకొద్దీ మాస్టారి వేలు బొత్తాన్ని తోస్తూ పోయింది. తమ్ముడి జట్టు గోలు కొట్టగానే వీధితో పాటే కాజాలక్క కూడా అరిచింది. అందరికంటే గట్టిగా.

చివరి నిమిషంలో అవతలి జట్టుకు పెనాల్టీ వచ్చింది. మాస్టారు బొత్తాన్ని టోపీకి ఎదురుగా పెట్టాడు. ఆపితే కప్పు మనది. ఊపిరి బిగబట్టి వింటూ ఆయన చెయ్యి సంగతే మరిచిపోయాడు. ఒక్కసారిగా వీధి లేచి గంతులేసింది. ఎవరో ఏడుస్తున్నారు కూడా. కాజాలక్క ఆ మొహాలు చూసింది, బల్ల చూసింది. బొత్తాం పెట్టినచోటే ఉంది.

మాస్టారి మణికట్టు పట్టుకుంది. "మాస్టారూ, బొత్తాం."

ఆయన నెత్తి కొట్టుకుని, ఆగమన్నట్టు చెయ్యెత్తి వీధికి ఆ కదలని బొత్తాన్ని చూపించాడు. ముందువరసవాళ్లకు అర్థమైంది. వాళ్లు వెనకవాళ్లను ఊరుకోమన్నారు. షాపాయన పెట్టె గొంతు కూడా తగ్గించాడు, ఆమెకు ఎలాగూ వినపడదన్న సంగతే గుర్తులేక. లేచినవాళ్లంతా మళ్లీ కూర్చున్నారు.

మాస్టారు బొత్తాన్ని మెల్లగా తోశాడు. టోపీని పక్కకు జరిపాడు. బొత్తాం వచ్చి టోపీకి తగిలి ఆగింది.

"పట్టాడా?"

"పట్టాడమ్మా, నీ తమ్ముడు పట్టాడు."

అప్పుడు అరిచింది వీధి, ఆమెతో పాటు, ఆ మాట అప్పుడే విన్నట్టు.

తర్వాత ఇంటింటికీ టీవీలొచ్చాయి. కాజాలక్క కూడా కొనుక్కుంది. "బొమ్మ బాగానే ఉందిగానీ, నాకోసం ఆగదు," అనేది. ఆ ఇత్తడి టోపీని మాస్టారు ఆమెకే ఇచ్చేశాడు. దాన్ని టీవీ మీద పెట్టుకుంది.

ఈ కథ గుర్తుపెట్టుకోండి. ఎవరికైనా చెప్పేటప్పుడు ఆట ఎవరు గెలిచారో మరిచిపోయినా ఫర్వాలేదు. లేచినవాళ్లంతా మళ్లీ కూర్చున్న సంగతి మాత్రం వదిలిపెట్టకండి.