నీళ్లు పడని బోరు

కొండమ్మ రోజూ బర్రెలను చేనికి తోలుకుపోయి, మధ్యాహ్నం బోరు పక్కన కూర్చుని సద్ది తినేది. ఆరువందల అడుగులు వేసినా నీళ్లు పడని బోరు అది. పైపు మీద రాయి పెట్టి వదిలేసినారు. ఊళ్లో ఎవరికైనా పైకి చెప్పుకోలేని మాట ఉంటే, ఆ రాయి సందులోంచి వాళ్ల గొంతుతోనే వినబడేది. కొమరోలు చుట్టుపక్కల అట్లాంటి బోర్లు ఇంకా రెండు మూడు ఉండబట్టి ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు. తన కోడలు పుట్టింటి మీద బెంగ పెట్టుకుందని పక్కింటి పోలేరమ్మకు తెలిసింది కూడా అట్లనే.

రెండేళ్ల కింద ఒకరోజు కొడుకు వెంకటేష్ గొంతు వినబడింది. "అమ్మా, నాకేం బాగలేదు."

అప్పటికి నెలరోజులుగా వాడు సరిగా తినడం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. జ్వరమా అంటే ఒళ్లు చల్లగానే ఉంది. కొండమ్మ ఇంటికొచ్చి, వయసులో ఉన్న పిల్లోడికి ఇంత సోమరితనం ఏందని కోప్పడింది. వాడు లేచి బర్రెలకు కుడితి పెట్టినాడు. ఆ వారంలోనే ప్రాణం తీసుకున్నాడు.

ఈ ఏడు కూతురు పద్మజ కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడో వారం నుంచి పద్మజ బిడ్డను ఎత్తుకోవడం మానేసింది. పాలిచ్చి పక్కన పడుకోబెట్టి, కప్పు వంక చూస్తూ ఉండేది. తల దువ్వుకునేది కాదు. చుట్టాలు దిష్టి అన్నారు. తండ్రి ఆంజనేయులు, పచ్చి బాలింత, అదే సర్దుకుంటుందిలే అన్నాడు.

ఒక మధ్యాహ్నం కొండమ్మ ముద్ద కలుపుతుంటే బోరు పలికింది.

"నేను లేకుంటేనే నా బిడ్డకు మేలు."

పద్మజ గొంతు. కొండమ్మ బర్రెలను వదిలేసి ఇంటికి పరిగెత్తింది. పద్మజ మంచంలో అట్లనే ఉంది. కొండమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఏందో నాకు చెప్పు తల్లీ. నిన్నేమీ అనను."

పద్మజ నోరు తెరిచింది. బిడ్డ ఏడుస్తుంటే ఎవరింట్లోనో ఏడ్చినట్టుందని, పొద్దున కళ్లు తెరవాలంటేనే భయంగా ఉందని, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పింది.

ఆ పూటే బస్సెక్కి మార్కాపురం పోయినారు. డాక్టరమ్మ, ఇది సోమరితనమూ కాదు, దిష్టీ కాదు, డిప్రెషన్ అనే జబ్బు అని చెప్పింది. కాన్పు తర్వాత కొందరికి వస్తుందనీ, షుగరుకు, బీపీకి ఉన్నట్టే దీనికీ మందులున్నాయనీ, కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దనీ అంది.

కొండమ్మ అంతా విని అడిగింది. "మగపిల్లోళ్లకు గూడా వస్తాదా మేడం?"

"ఎవరికైనా వస్తుందమ్మా."

"రెండేళ్ల కింద తోలుకొచ్చింటే తగ్గేదా?"

డాక్టరమ్మ రాయడం ఆపింది. ఎవరికని అడగలేదు. "తగ్గేదేమో. కానీ అప్పుడు మీకు తెలియదు గదమ్మా."

"నాకు చెప్పినాడు మేడం."

బయటికొచ్చినాక కొండమ్మ బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుండిపోయింది. రెండేళ్లుగా రాని ఏడుపు వచ్చింది. పద్మజ బిడ్డను అందుకోలేదు. ఆమెకు ఇంకా అంత శక్తి రాలేదు. తల్లిని ఆనుకుని కూర్చుని, కొంగు చివర పట్టుకుంది. వాళ్లు ఎక్కాల్సిన గిద్దలూరు బస్సు వచ్చి పోయింది. తర్వాతి బస్సు దాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు.