తూర్పు గట్టు

నీళ్లు మళ్లీ గట్టులోంచి బయటికి వచ్చేశాయి. మచిలీపట్నంలోని ఆ చిన్న యానిమేషన్ ఆఫీసులో పొద్దుటినుంచీ ఇది పదకొండోసారి. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటుందని సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంది నసీమా.

కోడూరు దగ్గర జగన్మోహనరావుకు రొయ్యల చెరువు ఉంది. ఆ ఉప్పునీరు ఊటెక్కి తన ఎకరన్నర వరిపొలాన్ని చంపేస్తోందని పక్క రైతు లక్ష్మీకాంతం ఫిర్యాదు పెట్టింది. శుక్రవారం ఊళ్లో విచారణ. చుక్క నీరు కూడా గట్టు దాటదని చూపించే రెండు నిమిషాల వీడియో కావాలన్నాడాయన. ఆయన నెగ్గితే చెరువు నిలుస్తుంది, ఆవిడ పొలం పోతుంది. ఇంత తెలిసే నసీమా పని ఒప్పుకుంది. బొమ్మలు చేసేవాళ్లకు తీర్పులతో పనేమిటి అనుకుంది.

కంప్యూటర్‌లో నీరంటే లక్షల చుక్కలు. ఒక్కో చుక్కా గట్టుకు తగిలిందా లేదా అని సాఫ్ట్‌వేర్ సెకనుకు పాతికసార్లు చూస్తుంది. గట్టు పల్చగా ఉండి చుక్క జోరుమీదుంటే, ఒకసారి చూసేసరికి ఇవతల ఉంటుంది, మళ్లీ చూసేసరికి అవతల. మధ్యలో గట్టుకు తగిలిన సంగతే దానికి తెలియదు. నసీమా పాతికను వంద చేసింది. మెషీను మూలిగింది గానీ నీళ్లు ఆగలేదు. మూడు వైపులా బాగానే ఉంది, తూర్పు వైపు మాత్రమే కారుతోంది. అప్పుడు జగన్మోహనరావు ఇచ్చిన కొలతల కాగితం తీసి చూసింది. మూడు గట్లు పదేసి అడుగుల మందం. తూర్పుది రెండడుగులు.

జగన్మోహనరావుకు ఫోన్ చేసింది. "తూర్పు గట్టు కొలత తప్పు పడినట్టుందండీ."

"తప్పేం లేదమ్మా. అటు చెరువు కాస్త పెంచుకున్నాం, గట్టు తగ్గింది. బొమ్మలో లావు చేసెయ్. నీ సొమ్మేం పోయింది?"

"అటు పక్క ఎవరి పొలమండీ?"

"ఇంకెవరిది, ఆవిడదే."

నసీమా ఫోన్ పెట్టేసి, ఆఫీసు యజమాని వెంకటరమణకు సంగతి చెప్పింది. ఆయన తలెత్తలేదు. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. మన పని బొమ్మ చెయ్యడం. కానియ్యమ్మా."

నసీమా రెండును పది చేసింది. చుక్కలన్నీ బుద్ధిగా ఆగిపోయాయి. ఈ సాఫ్ట్‌వేర్‌కు మట్టీ తెలియదు, ఊటా తెలియదు, ఇందులో కారినంత మాత్రాన అక్కడ కారినట్టా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. మాట నిజమే. మనసుకు సర్దిచెప్పుకునే మాటలు చాలావరకు నిజాలే అయి ఉంటాయి, వాటితో వచ్చిన చిక్కే అది.

శుక్రవారం వెంకటరమణతో కలిసి బస్సులో వెళ్లింది. పంచాయతీ హాల్లో గోడమీద వీడియో వేశారు. నీలంగా నీళ్లు నాలుగు గట్ల మధ్య ఊగాయి, ఒక్క చుక్క బయటపడలేదు.

"ఇది నేను చెప్తున్నది కాదండీ. కంప్యూటర్ లెక్కగట్టి తేల్చింది" అన్నాడు జగన్మోహనరావు. జనం తలలూపారు.

"మీరేమంటారమ్మా?" అని విచారణకు వచ్చిన ఆఫీసరు లక్ష్మీకాంతాన్ని అడిగాడు.

అరవై దాటిన ఆ మనిషి మోకాళ్లు పట్టుకుని లేచింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది నసీమాకు.

"ఏవంటానండీ. రెండేళ్లనుంచీ మా నూతినీళ్లు ఉప్పగా తగుల్తన్నాయి. మా కోడలూ అదే అంది. కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదండీ. మా నోళ్లే చెడ్డాయేమో. ఆ కాగితం ఇటివ్వండి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

బల్ల దగ్గరికి వచ్చి పెన్ను పట్టుకుంది. నసీమాకు సిగ్గేసింది. పుట్టి ఇన్నేళ్లలో అంత సిగ్గు ఆమె ఎరగదు. తాను లేచి నిలబడ్డ సంగతి, వెంకటరమణ "కూర్చో నసీమా" అన్నాక గానీ ఆమెకే తెలియలేదు.

"ఆ నీళ్లను గట్టు ఆపలేదండీ, నేను ఆపాను" అంది ఆఫీసరుతో. "తూర్పు గట్టు రెండడుగులే. బొమ్మలో నేనే పది చేశాను."

జగన్మోహనరావు ఏదో గట్టిగా అంటున్నాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆయన్ని ఆగమన్నాడు. అడుగుల లెక్క లక్ష్మీకాంతానికి ఎంత అర్థమైందో గానీ, పెన్ను కిందపెట్టి నసీమావైపు తిరిగింది.

"అయితే నా నోరు బాగానే ఉందంటావా అమ్మా?"