గోడకు మిగిలిన మూలలు

ఫొటో స్టూడియో ఆయన పెద్దకూతురు కనిపించకుండా పోయి మూడు వారాలైంది. అప్పట్నించీ ఆయన రోజూ పొద్దున్నే కూతురి ఫొటో వేసిన కాగితాలు బస్‌స్టాప్ నుంచి ఆసుపత్రి గోడ దాకా అంటిస్తున్నాడు. సాయంత్రానికి సగం మాయం. ఎవరూ చింపినట్టు లేదు. జిగురంటిన నాలుగు మూలలూ గోడకే ఉండేవి, మధ్య కాగితాన్ని మాత్రం కత్తిరించుకుపోయేవారు.

"బిడ్డ కోసం ఏడ్చే తండ్రి మీద ఎవరికింత కక్ష?" అని వీధంతా బుగ్గలు నొక్కుకుంది.

ఆ సంగతేదో తేల్చే పని టైలరమ్మ కూతురు నెత్తిన వేసుకుంది. పదిహేనేళ్ళది. పట్టింది వదలదని బళ్ళో అందరూ చీమ అంటారు. తోడు, గంట అని పిలిచే స్నేహితురాలు. ఒకే బెంచీ, ఒకే ప్రాణం. కాకపోతే గంట నోట్లో నువ్వుగింజ నానదు.

నాలుగు రోజులు బడి వదలగానే గోడల వెంబడి తిరిగారు. ఐదోనాడు గంట ఒక మూలముక్క ఊడబీకింది. దాని అంచు రంపంలా ఉంది.

"ఇదేంటే, పళ్ళతో కొరికారా?"

"జిగ్‌జాగ్ కత్తెర. బట్ట అంచు పీచు లేవకుండా కత్తిరించేది," అంది చీమ గొప్పగా. అన్నాక గుర్తొచ్చింది. అమ్మ సొరుగులో అలాంటిదే ఒకటుంది. మొండిబారిందని దాన్ని కాగితాలకి వాడుతుంది. 'ఊళ్ళో ఎంతమంది దగ్గరుండదు!' అని సర్దిచెప్పుకుంది. "ఎవరికీ చెప్పకే" అని మాత్రం గట్టిగా అంది.

మర్నాడు మధ్యాహ్నం గంట తల వంచుకుని వచ్చింది. "ఆయన ముఖం చూళ్ళేకపోయానే. చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"ముక్కని వెలుతురుకి పెట్టి చూశాడు. మీ అమ్మ కొట్టు ఎన్నింటికి మూస్తుందని అడిగాడు."

చీమ పుస్తకాల సంచి కూడా తీసుకోకుండా పరుగెత్తింది.

అమ్మ మిషన్ దగ్గర కాలరు కుడుతోంది. "అమ్మా, ఆ కాగితాలు నువ్వే కత్తిరిస్తున్నావా?"

అమ్మ అరచేత్తో చక్రం ఆపింది. "ఎవరికి చెప్పావు?"

"గంట... ఆయనకే చెప్పేసింది."

అమ్మ వెంటనే ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే పిన్నికి ఫోన్ కలిపింది. "నీ గదికెళ్ళి ఆ అమ్మాయిని తీసుకుని ఇప్పుడే బయల్దేరు. ఎక్కడికని నాకు కూడా చెప్పకు."

ఫోన్ పెట్టేసి కూతురి వైపు తిరిగింది. "స్టూడియో ఆయన కూతురు కొలతలకి వచ్చిందే. చేతులు పైకెత్తమంటే ఎత్తలేకపోయింది. వీపంతా బెల్టు వాతలు. 'అత్తయ్యా, నన్ను ఇంటికి పంపకండి' అంది. పద్దెనిమిది నిండటానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఈలోగా దొరికితే తండ్రికే అప్పగిస్తారని దాని భయం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు కూడా అబద్ధాలాడాలి కదే."

అంతలో గుమ్మంలో నీడ పడింది. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. "టైలరమ్మగారూ, మీ కత్తెర ఒకసారి చూస్తాను." వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

అమ్మ నోరు తెరవకముందే చీమ అంది: "నేనే అంకుల్. నేనే కత్తిరించాను."

"ఎందుకమ్మా?"

"డిటెక్టివ్ ఆట. దొంగ ఉంటేనే కదా పట్టుకునేది."

ఆయన నవ్వాడు. ముద్దు చేస్తున్నట్టే మణికట్టు పట్టుకున్నాడు. పట్టు బిగిసింది. ఎముకలు కలుక్కుమంటున్నాయి. నవ్వు మాత్రం చెదరలేదు. ఆ అమ్మాయి ఈ నవ్వునే రోజూ చూసి ఉంటుందని చీమకి అప్పుడు తెలిసింది.

"చెయ్యి వదలండి," అంది అమ్మ లేచి నిలబడి.

సరిగ్గా అప్పుడే ఇద్దరు ఆడవాళ్ళు బట్టల కోసం లోపలికొచ్చారు. ఆయన చెయ్యి వదిలి కళ్ళు తుడుచుకున్నాడు. "చిన్నపిల్ల, తెలియక చేసింది, పోనీండి." ఆయన వెళ్ళగానే వాళ్ళు చీమ మీద పడ్డారు. "సిగ్గు లేదుటే? ఆ తండ్రి ఉసురు పోసుకుంటావా?"

ఆయన ఆ మాట నమ్మలేదు. మర్నాడే వాకబు చేసి పిన్ని గదికి వెళ్ళి, తాళం చూసి తిరిగొచ్చాడు. పన్నెండో రోజున ఎక్కడో వేరే ఊళ్ళో ఆ అమ్మాయి ఒక లాయరమ్మతో పోలీసు స్టేషనుకి వెళ్ళింది. తన ఇష్టంతోనే ఇల్లు వదిలానని రాసిచ్చింది. గోడల మీద కాగితాలు ఆగిపోయాయి. "కూతురే పరువు తీసింది, పాపం," అన్నారు జనం. స్టూడియో యథాప్రకారం నడుస్తోంది.

చీమ మణికట్టు మీద కమిలిన మచ్చ నాలుగు రోజుల్లో పోయింది. గంట మాత్రం పలకలేదు. చివరికి ఒకరోజు మెట్ల దగ్గర నిలేసింది. "నువ్వే కత్తిరించి, నువ్వే వెతికించి, నన్ను వెర్రిదాన్ని చేశావు కదే?"

చీమకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పిన్ని ఇంకా ఏ ఊళ్ళో ఉందో అమ్మకే తెలియదు. "అవును," అంది. "తప్పే."

గంట సంచి తీసుకుని ఆఖరి బెంచీకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ గుండీలు ఏరుతూ అడిగింది, "మీ గంట రావడం లేదేం?"

"దానికి ట్యూషనట," అంది చీమ, తల ఎత్తకుండా.