మోకాలోన్నతి

చీపురుపల్లిలో జగన్నాధం షావుకారి బట్టల కొట్టులో, పరుపు మీద కూర్చుని ఏళ్ల తరబడి చీరలు విప్పి చూపిస్తున్నవాడు ధనరాజు. పేరులో ధనమూ ఉంది, రాజూ ఉన్నాడు. జేబులో ఇద్దరూ లేరు. ఇంట్లో మాత్రం రాణి ఉంది, పెళ్లాం.

మఠం వేసుకుని కూర్చుని కూర్చుని అతని మోకాళ్లు మొండికేశాయి. బీరువా పట్టుకుంటే గానీ లేవలేడు. ఇంతలో కౌంటర్ చూసే పెద్దాయన మానేస్తున్నాడని తెలిసింది. కౌంటర్‌లో జీతం ఎక్కువ, పైగా కుర్చీ! మిగతావాళ్లకది పదోన్నతి, ధనరాజుకు మోకాలోన్నతి.

తయారీ మొదలైంది. మధ్యాహ్నం తోటివాళ్లు క్యారియర్లు విప్పుతుంటే తను కంప్యూటర్‌లో బిల్లు కొట్టడం నేర్చుకున్నాడు. ఒక్కటే చిక్కు. షావుకారి ఎదట నిలబడితే ప్రమోషన్ మాట నోటికి రాదు, మోషన్ మాత్రం వచ్చేలా ఉంటుంది.

"నువ్వు సెప్పుకోలేవు గానీ, తవిటమ్మత్త సేత సెప్పించు" అంది రాణి.

తవిటమ్మది పక్క ఊరు. వాళ్లింట్లో పెళ్లంటే బట్టలన్నీ ఈ కొట్టులోనే. ధనరాజు వెళ్లి బతిమాలాడు.

"అత్తా, నా గురించి సావుకారికి ఒక మంచిమాట సెప్పవా?"

"ఒకటేటిరా, పది సెప్తాను!"

అన్నట్టే సోమవారం కొట్లో అడుగుపెడుతూనే అందుకుంది. "సావుకారూ! మా ధనరాజులాటోడు ఈ సుట్టుపక్కల లేడు. ఆడు సీర విప్పితే మా కోడళ్లు నోరు విప్పరు. ఆడు పరుపు మీద లేకపోతే నాను నీ గుమ్మం ఎక్కను. బొబ్బిలెళిపోతాను!"

జగన్నాధం ముఖం వెలిగింది. ధనరాజు ముఖమూ వెలిగింది, క్షణంసేపు.

"విన్నావా ధనరాజూ! నిన్ను కౌంటర్‌లో వేద్దామనే అనుకున్నాను. ఇప్పుడెలా లేపుతాను? నువ్వు లేస్తే నా కొట్టే లేచిపోతాది. ఒరే గిరిబాబూ, నీకెలాగూ అమ్మకం సేతకాదు. రా, కుర్చీలో కూకో."

చీరకీ పంచెకీ తేడా తెలియని తోటి గుమాస్తా గిరిబాబు కుర్చీలో కూర్చుని గిర్రున తిరిగాడు.

"మరి... నా జీతం, సావుకారూ?" అడిగాడు ధనరాజు.

"కౌంటర్ జీతం కౌంటర్‌కే నాయనా. నీకింత మంచిపేరొచ్చింది, అదెవరిస్తారు?"

తవిటమ్మ పరుపు మీద చతికిలబడింది. "సెప్పానా లేదా? ఇంక నిన్నెవులూ కదపలేరు!"

ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. రెండు చేతులూ వాటంతటవే దణ్ణం పెట్టాయి.

"ఏటలా నిలబడిపోనావు? ఆ ఎర్రంచుది తియ్యి."

ధనరాజు బీరువా పట్టుకున్నాడు, ఈసారి కూర్చోడానికి. మోకాళ్లు పటపటమన్నాయి. చీర విప్పాడు.