సౌదామిని స్వరమునకై

శరత్కాలపు చివరిదినములవి. రాత్రియెల్లఁ గురిసిన చిఱుజల్లునకుఁ దలంటుకొని పొడిచీర కట్టినట్లున్న భీమునిపట్టణము బాలసూర్యకిరణములు సోఁకి మెఱయుచుండెను. సముద్రతీరమున వలలు లాగు బెస్తవారి కేకలును తరంగఘోషయు జీడిమామిడి తోఁటల మీఁదుగా వచ్చు నుప్పుగాలియు నేకమై యూరినెల్ల మేలుకొలుపుచుండెను. అట్టి సుప్రభాతమునఁ గొండవాలున నున్న యొక పెంకుటింట మాత్రము ప్రతిదినము వినవచ్చెడు కంఠమొకటి వినరాకుండెను.

ఆ కంఠము సౌదామినిది. ఇరువదియేడేండ్లు బాలికాపాఠశాలలోఁ దెలుఁగు చెప్పి, పద్యమెత్తుకొన్నచో వీథిఁ బోవు పూలమ్ముదానిచేత సైతము గంప దింపించి నిలువఁబెట్టిన యా యిల్లాలికి నాలుగేండ్ల క్రిందట గొంతున రాచపుండు పొడసూపఁగా వైద్యులు స్వరపేటికను దొలఁగించి ప్రాణము నిలిపిరి. ఆ శస్త్రచికిత్సకు ముందు ఆమె భర్తయగు వామనమూర్తి పదునెనిమిది దినము లామెయెదుటఁ గూర్చుండి వేలకొలఁది మాటలు పలికించి భద్రపఱచెను. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట వృత్తిగాఁ గల యతఁడు, ఆమె యొడిలోని చిన్న కీబోర్డుపై నొత్తిన యక్షరములు కంప్యూటరులోఁ జేరి యామె సొంతగొంతుకతోనే పలుకునట్లొక ప్రోగ్రామును రచించెను. అది మొద లా యింటఁ బప్పులో నుప్పు చాలలేదనియుఁ దడితువాలు మంచముపైఁ బడవేయవలదనియు నామె స్వరమే మందలించుచు వచ్చెను. మందలింపులు వినుట కింతగా సంబరపడిన మగఁడు వేఱొకఁ డుండఁడు.

వ్యాధి మరల వచ్చెను. ఈమాఱు వైద్యులు చేతులెత్తి యింటికిఁ గొనిపొండనిరి. అది చాలదన్నట్లు నాలుగు దినముల క్రిందటి పిడుగుపాటునకు ఆ పాతకంప్యూటరు కాలిపోయెను. దాఁచిన మాటలును ప్రోగ్రామును వేఱొకచోట భద్రముగనే యున్నవి కాని, అది పైథాను అను కంప్యూటరుభాషయొక్క పాతకూర్పున వ్రాసినదగుటచేఁ గ్రొత్తయంత్రములోని క్రొత్తకూర్పు దానిని నడుపనొల్లదయ్యెను. కావున నా పాతకూర్పుయొక్క మూలమును దెచ్చి యీ యంత్రమునకుఁ దగినట్లు తానే మొదటినుండి నిర్మించుకొనవలసివచ్చెను. సౌదామినికి మిగిలిన కాలము మిక్కిలి కొంచెమని వామనమూర్తి యెఱుఁగును. ఆమె కడపట చెప్పఁదలఁచినదేదో యామె గొంతుకతోనే వినవలెననునది యొక్కటియే యతని కోరిక.

ఆమె చేతులు వ్రాసి చూపుటకుఁ బలకయుఁ బట్టఁజాలవు. ఒక్క వ్రేలితోఁ గీబోర్డు నొత్తుటకు మాత్రము సత్తువ మిగిలియుండెను. వామనమూర్తి మంచము పాదములకడ బల్లవేసి, గోడలోని ప్లగ్గు అటే యుండుటచే నామెకు వీఁపుపెట్టి కూర్చుండి, కీబోర్డును ముందుగాఁ గంప్యూటరునకుఁ గలిపి యామె యొడిలో నుంచెను.

"నీవు చెప్పఁదలఁచిన దెల్ల నొత్తుచుండుము. అది యిందులోఁ జేరియుండును. నేను దీనిని లేవఁదీసినంతనే వరుసగాఁ బలుకును" అనెను.

ఆమె చిఱునవ్వు నవ్వెను. ఆ నవ్వు పూర్తికాకమునుపే యతఁడు తెరవైపు తిరిగెను.

నల్లనితెరపై వేలకొలఁది పంక్తులు పరుగులిడి గంటకుఁ గాని యాఁగలేదు. అతఁడు చిట్టచివరి పంక్తిని జూచెను. దోషమను మాట యెచ్చటను గనఁబడలేదు. అంతటఁ దృప్తిపడి స్థాపింపుమని యాజ్ఞాపించి ప్రోగ్రామును నడపఁబోఁగా లజ్మా యను మాడ్యూలు లేదని యొక్కమాట చెప్పి యది కూలఁబడెను. మాడ్యూలనఁగా భాషకొక యవయవము. సౌదామిని మాటలు చోటు చాలుటకై బిగించి మూటగట్టి దాఁచఁబడినవి. ఆ మూటవిప్పు చేయియే యీ లజ్మా. అది లేనిచోఁ దక్కినవన్నియు నుండియు వ్యర్థము.

క్రొత్తగాఁ గట్టిన భాష తన యవయవములను వేఱొక చోట వెదకుచున్నదని వామనమూర్తి తలఁచెను. త్రోవలు మార్చెను. యంత్రములోని యరలన్నియు గాలించెను. లేనిదానిని వెదకుచున్నానని తోఁపక గంటన్నర వ్యర్థపుచ్చెను.

సౌదామిని యక్క కాత్యాయని గంజిగిన్నెతో వచ్చి మంచముకడ నిలిచి, "మరిదిగారూ, చెల్లి మీవైపు చేయి చాఁచుచున్నది. ఒక్కింత యిటు చూడుఁడు" అనెను.

అతఁడు కన్నులు తెరపై నుండి మరల్పక చేయి మాత్రము వెనుకకుఁ జాఁచి దుప్పటిమీఁదుగా భార్యపాదమును నిమిరి, "ఒక్క నిమిషము, వదినా. ఆమె కొఱకే గదా యీ పాటు" అనెను. ఆ నిమిషము మధ్యాహ్నము దాఁక సాగెను.

అప్పుడతనికి జ్ఞప్తికి వచ్చినది. నిర్మాణము ముగిసినంత మాత్రమున నమ్మవలదు, చివరిపంక్తికిఁ బైనున్న పుట చదువుఁడు అని యతఁడు తన చేతిక్రిందివారికిఁ బదియేండ్లుగా నూరిపోయుచుండెను. ఆ మాట తన చెవికిఁ దానే చెప్పుకొనలేదు. తెరను వెనుకకు జరిపి చదివెను. ఈ మాడ్యూళ్లను గట్టుటకు వలసిన సామగ్రి దొరకలేదు అని యచ్చట స్పష్టముగ నుండెను. అందు లజ్మా పేరుండెను. ఒక యవయవము కొఱవడినంతనే యా నిర్మాణ మాఁగదు. కొఱఁతను మెల్లగాఁ దెలిపి తన దారిని దాను బోవును. వినిపించుకొనుట కట్టువాని పని. మూటవిప్పు సాధనము యంత్రములో నుండనే యున్నది కాని, దానిని గుర్తించుటకు వలసిన శీర్షికాపత్రముల కట్ట వేఱుగాఁ దెచ్చి పెట్టవలసియుండెను. అతఁడు తన్నుఁ దాను దిట్టుకొనుచు దానిని దెప్పించి, మునుపు గట్టినదంతయుఁ దుడిచి, మరల మొదలు పెట్టెను.

పంక్తులు మరల పరుగులిడెను. వెనుకనుండి కీబోర్డు టిక్కుటిక్కుమను సవ్వడి యప్పుడప్పుడు వినఁబడుచుండెను. ఆ సవ్వడి విని యతని హృదయ ముప్పొంగెను. చెప్పవలసినవి చాలఁ గలవు కాఁబోలు ననుకొనెను. కొంతసేపటికి సవ్వడి యాఁగెను. అలసి నిదురించినది కాఁబోలు నని, తన మీటలచప్పుడు సైతము వినఁబడకుండ నొత్తసాఁగెను.

ఈమాఱు పుటయంతయు రెండుసారులు చదివెను. కొఱఁత యేదియు లేదు. ప్రోగ్రాము కూలఁబడక లేచి నిలిచెను.

"సౌదామినీ, అయినది" అనుచు వామనమూర్తి యుదయము మొదలు మొదటిసారిగా నిండుగా వెనుకకుఁ దిరిగెను.

ఆమె కన్నులు సగము తెఱచియుండెను. అవి యతని వీఁపు ఉండినచోటనే నిలిచియుండెను. కాత్యాయని చెల్లెలి నాడి పట్టుకొని కూర్చుండెను.

"ఎప్పుడు, వదినా?"

"తెలియదు, మరిదిగారూ. నేనును నిదురయే యనుకొంటిని."

అంతలో నతని వెనుకనుండి సౌదామిని పలికెను. నాలుగేండ్లుగా నా యింటఁ దిరిగిన స్వరమే. ఎక్కడను జీరలేదు.

"ఏమండీ, ఇటు తిరుగుఁడు. మీ మొగము కనఁబడుటలేదు."

కొంచెము తడసి మరల నదియే మాట. పిమ్మట, "ఆ పని చాలును. ఇచ్చటఁ గూర్చుండుఁడు." పిమ్మట మరల, "ఏమండీ, ఇటు తిరుగుఁడు."

ఆమె ముఖమొకవైపునను ఆమె స్వరమొకవైపునను నుండఁగా వామనమూర్తి యెటు చూడవలెనో యెఱుఁగక నిలిచిపోయెను. మనవారికొఱకుఁ బాటుపడుట సులభము, వారియెదుట నూరక కూర్చుండుట కష్టము. ఆ సులభమైన దానినే ప్రేమయని నమ్మి మనము దినములు గడపుదుము. అతఁడు నమ్మినదియు నంతియే.

కాత్యాయని కన్నులు తుడుచుకొని, "దానిని ఆఁపుదునా?" అని యడిగెను.

"వలదు వదినా. ఇంకను నున్నది."

అతఁడు మంచము పట్టెపైఁ గూర్చుండి చల్లబడిన యామె చేతిని దన రెండుచేతులఁ బట్టుకొనెను. స్వరము మఱి రెండుసారు లా మాటయే పలికెను. కట్టకడపట నామె వ్రేలికిఁ జేతనైనది యొక్కమాటయే.

"ఏమండీ."

"ఇటే యున్నాను" అని వామనమూర్తి బదులు చెప్పెను.