అక్క మాట పూర్తికాకముందే

అంగారకుడి మీద నీళ్ళున్నాయో లేవో మా బావకి తెలుసు. ఇంట్లో బిందెలో ఉన్నాయో లేవో మాత్రం తెలియదు. ఆయన పనిచేసేది కరెంటు మీటర్ల ఆఫీసులో. మాట్లాడేది మాత్రం చంద్రుడి మీద కట్టబోయే ఇళ్ళ గురించి. పొద్దున లేచి ఫోనులో రాకెట్లు చూడటం, కాఫీ తాగుతూ ఎవరు దొరికితే వాళ్ళకి వాటి గురించి చెప్పడం ఆయన అలవాటు. నాకు ఇదివరకు ఆయన మీద కోపం ఉండేది కాదు. నోటి దురద అనుకుని నవ్వుకునేదాన్ని. ఈ ఆదివారం తర్వాత నవ్వు రావడం లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

వాళ్ళింటి ముందుగది మా అక్క కుట్టుగది. వీధిలోకి తలుపు, పెద్ద కిటికీ, కిటికీ పక్కన బట్ట కత్తిరించే బల్ల. అక్క కొలిచి కత్తిరిస్తుంది, నేను మిషను మీద కుడతాను. పక్క వీధిలోంచి పొద్దున్నే వచ్చి, చీకటి పడేలోపు వెళ్ళిపోతాను. పోయినేడు అక్క గొంతులో పుండు లేచి, ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అది మామూలు గొంతు కాదు. తామే లావెక్కి, గౌను బిగువుగా కుట్టావని గొడవకొచ్చినవాళ్ళని అక్క గదమాయిస్తే ఎదురింటి అరుగు మీద కుక్క కూడా లేచి అవతలికి పోయేది.

గొంతు పోయినా మా పని ఆగలేదు. మిషను చప్పుడులో మాట వినపడదు కాబట్టి, మొదటి నుంచీ మా ఇద్దరికీ కత్తెర భాషే. కత్తెర పిడితో బల్ల మీద ఒక్కసారి తడితే బట్ట తిప్పమని. మొనతో సర్రున గీస్తే కానివ్వమని. టకటకా ఆపకుండా కొడితే తప్పు కుట్టావు, విప్పెయ్యమని. అక్క కొట్టే తీరుని బట్టి అందులో విసుగెంతో, నవ్వెంతో కూడా నాకు తెలుస్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే అక్క ఆ బల్ల దగ్గర నిలబడింది. ఇల్లంతా మూగదైన మనిషి ఆ గదిలో మాత్రం మూగది కాదు. నాకు ఆ గది మీద అంత మమకారం అందుకే.

మిగతా ఇంట్లో మాట్లాడటానికి బావ ట్యాబు తెచ్చాడు. అందులో అక్షరాలు కొడితే, వార్తలు చదివే అమ్మాయిలాంటి గొంతు వాటిని పైకి చదువుతుంది. మంచిదే, కాదనను. తెచ్చిన రోజు నేనూ సంబరపడ్డాను. బావ అయితే వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి చూపించి మురిసిపోయాడు.

"చూశారా, పోయిన గొంతు తిరిగొచ్చేసింది! పైగా ఇది మన మాట ముందే పసిగడుతుంది. 'నాకు' అని కొట్టగానే, తర్వాత ఏమంటామో కింద తనే చూపిస్తుంది. దాని మీద వేలు పెడితే చాలు. ఇంకొన్నాళ్ళకి వేలు కూడా అక్కర్లేదు. మనం అనుకునేలోపే అది మాట్లాడేస్తుంది."

అక్కకి రాత నెమ్మది. ఆ గాజు పలక మీద మరీ నెమ్మది. ఒక్కో అక్షరాన్ని పడిపోయిన సూదిని వెతుక్కున్నట్టు వెతుక్కుంటుంది. నేను మిషను దగ్గరుంటే హాల్లోంచి ఆ తీపి గొంతు వినిపించేది. "సరే, మీ ఇష్టం." "నాకు పరవాలేదు." "మీరే చూడండి." మా అక్క నోట మీరే చూడండి అన్న మాట పుట్టాక నేను వినలేదు. జబ్బు మనిషిని మెత్తబరిచింది కాబోలు అనుకున్నాను. ఓసారి అడిగాను కూడా. "ఏంటక్కా, బావ ఏమన్నా తలాడిస్తున్నావు?" అని. అక్క కత్తెర తీసుకుని టకటకా కొట్టింది. నా చేతిలో కుట్టు తప్పిందనుకుని విప్పాను. విప్పాక చూస్తే కుట్టు శుభ్రంగా ఉంది. ఎందుకు విప్పించిందో అప్పుడు బుర్రకెక్కలేదు. మొగుడి మీద చెల్లెలికి చాడీలు చెప్పే రకం కాదు మా అక్క.

ఆదివారం బడి యూనిఫారాలు పూర్తిచేయాలని వెళ్ళాను. గదిలో కంప్యూటర్ మాస్టారు ఉన్నాడు. బావ స్నేహితుడు. పిల్లలకి కంప్యూటర్ క్లాసులు చెబుతాడు. చేతిలో చిన్న పరికరం పట్టుకుని గోడ మీదకి ఎర్రచుక్క కొడుతున్నాడు. చుక్క ఎక్కడ పడితే అంత దూరం కొలిచి చెబుతుందట. ఆ చుక్క గోడ మీంచి కిందకి జారి అక్క బల్ల మీద పడింది.

"ఈ బల్ల వెళ్ళిపోతే ఇక్కడో వరస కంప్యూటర్లు పట్టేస్తాయి," అన్నాడు.

"బల్ల ఎక్కడికి వెళ్తుంది?" అన్నాను.

"వెనక వరండాలోకి," అన్నాడు బావ, హాల్లోంచి కాఫీ పట్టుకొస్తూ. "మీ పనికి మూలైనా చాలుగా మరదలా. ఇక్కడ మాస్టారు సెంటర్ పెడుతున్నారు. రేపటి ప్రపంచమంతా ఇదే. కుట్టుపని కూడా రోబోలే చేస్తాయిట, తెలుసా?"

వెనక వరండాలో మధ్యాహ్నం కూడా లైటు వెయ్యాలి. నల్లదారానికీ నీలందారానికీ తేడా తెలియదు. వీధిలోంచి మనిషి రావాలంటే వంటగది దాటి రావాలి. ఎవరొస్తారు?

"అక్కని అడిగారా?"

"అడక్కుండా చేస్తానా? మొన్న అడిగాను. ట్యాబులో చెప్పింది, నాకు ఇష్టమే అని."

హాల్లో టీవీ ముందు కూర్చున్న అత్తయ్యగారు, అంటే బావ వాళ్ళమ్మ, అక్కడి నుంచే సాక్ష్యం పలికింది. "అవునమ్మా, పెట్టె చెప్పగా నేనూ విన్నాను. కోడలు ఎంత మారిపోయిందో అనుకున్నాను కూడా."

అందరం హాల్లోకి వెళ్ళి కూర్చున్నాం. బావ మాస్టారుకి అంగారకుడి గురించి అందుకున్నాడు.

"అక్కడ తిరిగే బండి ఉంది చూశారూ, అది ఇక్కడికి ఒక్క మాట పంపాలంటే నిమిషాల తరబడి పడుతుంది మాస్టారూ. అంతసేపూ సైంటిస్టులు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. కుర్చీలోంచి లేవరు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడరు. వీడియోలో చూస్తే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఓర్పంటే అదీ!"

అప్పుడే అక్క లోపలి నుంచి వచ్చింది. కుట్టుగది తలుపులోంచి బల్ల మీద ఆడుతున్న ఎర్రచుక్కని చూసింది. మాస్టారు చేతిలోని ఆ పరికరం ఇంకా ఆపలేదు. అక్క బావ పక్క కుర్చీలో కూర్చుని ట్యాబు ఒళ్ళో పెట్టుకుంది. నేను వెనక నిలబడ్డాను. అది మాట్లాడగా ఎన్నోసార్లు విన్నానుగానీ, అక్క దాని మీద కొడుతుండగా వెనకనుంచి చూడటం నాకు అదే మొదలు.

అక్క వేలు వెతుక్కుంటూ వెళ్ళి "నాకు" అని కొట్టింది. వెంటనే కింద మూడు గళ్ళు లేచాయి. ఇష్టమే. పరవాలేదు. సరే. అక్క వాటిని చూడకుండా తర్వాతి అక్షరం కోసం వెతుకుతోంది. బావ మాస్టారుతో రాకెట్ ఇంధనం గురించి చెబుతూనే, ఇటు తిరక్కుండానే, చెయ్యి చాపి మొదటి గడి మీద వేలు పెట్టాడు.

"నాకు ఇష్టమే," అంది తీపి గొంతు.

అక్క తల గట్టిగా అడ్డంగా ఊపింది.

"మెడ నొప్పా అండీ?" అన్నాడు మాస్టారు.

"ఆపరేషన్ తర్వాత పట్టేస్తోంది," అన్నాడు బావ.

అక్క చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. నా. కు. బావ వేలు మళ్ళీ వచ్చింది. ఈగని తోలినంత తేలిగ్గా. "నాకు ఇష్టమే."

అప్పుడు అర్థమైంది నాకు. ఏడాదిగా విన్న "మీ ఇష్టం"లు, "పరవాలేదు"లు, అన్నీ ఆ వేలే. అన్నిసార్లు నొక్కగా నొక్కగా, ఇంట్లో ఎప్పుడూ అనే మాటలు ఇవే కాబోలని యంత్రం నేర్చేసుకుంది. ఇప్పుడు అక్క నోరు తెరవగానే ముందు బావ మాటలే పెడుతోంది. పాపం దాన్నెందుకు అనాలి? దానికి ఎవరి వేలో తెలియదుగా. ఈయనకి తెలుసు.

"బావా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అంగారకుడి మీద ఇనపబండి మాట్లాడుతుందంటే నిమిషాల తరబడి నోరు మూసుకుని కూర్చుంటారు, చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మీ పక్క కుర్చీలో, మీ మోచెయ్యి తగిలేంత దూరంలో కట్టుకున్న పెళ్ళాం ఒక మాట చెప్పబోతుంటే ఆగలేరా? అక్కేం అంగారకుడి కన్నా దూరంలో ఉందా?"

కాఫీ కప్పు బావ నోటి దగ్గరే ఆగిపోయింది. మాస్టారు చిన్నగా దగ్గి, మధ్యస్థం చెయ్యబోయాడు.

"అలా కాదమ్మా, దీన్ని ప్రిడిక్షన్ అంటారు. మనిషి అనబోయేది..."

"మీరుండండి. మనిషి అనబోయేది మనిషిని అననియ్యండి ముందు."

"ఏంటి నీ గోల?" బావకీ కోపం వచ్చింది. "ఇన్నేళ్ళ కాపురం. నా పెళ్ళాం ఏమంటుందో నాకు తెలియదా? పాపం చేతులు నొప్పెడతాయని సాయం చేస్తుంటే తప్పా?"

ఆ మాటకి అక్క లేచింది. ట్యాబు కుర్చీలో పడేసి కుట్టుగదిలోకి వెళ్ళింది. మరుక్షణం అక్కణ్ణుంచి చప్పుడు. టకటకా టకటకా. బల్ల విరిగిపోతుందా అన్నట్టు. అంత కోపం ఆ కత్తెరలో నేనెప్పుడూ వినలేదు.

"ఏంటది?" అన్నాడు మాస్టారు.

"విప్పెయ్యమంటోంది," అన్నాను. "తప్పు కుట్టారు, మొత్తం విప్పెయ్యమంటోంది. విన్నారా బావా? ఈ గది ఇవ్వదట. వరండాలోకి చచ్చినా వెళ్ళదట. ఇన్నాళ్ళూ మీరు ఆమె నోట్లో కుక్కిన మాటలన్నీ వెనక్కి తీసుకోమంటోంది. ఇంకా ఏమంటోందంటే..."

టకటకా టకటకా. తిరిగి చూశాను. అక్క గుమ్మంలోకి వచ్చి, తలుపు చెక్క మీద కొడుతోంది. చూపు బావ మీద లేదు. నా మీద ఉంది.

నోరు మూసుకున్నాను.

అక్క వచ్చి కూర్చుంది. కత్తెర ఒళ్ళో పెట్టుకుని ట్యాబు తీసుకుంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అత్తయ్యగారు టీవీ గొంతు తగ్గించింది. అక్క కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం తర్వాత కింద గళ్ళు లేస్తున్నాయి, సరే, ఇష్టమే, మీరే చూడండి అంటూ. అక్క ఒక్కొక్కదాన్నీ వదిలేసి తన అక్షరం తను వెతుక్కుంటోంది. ఓసారి బావ చెయ్యి అలవాటుగా కదిలింది. అక్క తలెత్తలేదు. కత్తెర మాత్రం ఒళ్ళోంచి చేతిలోకి వచ్చింది. చెయ్యి వెనక్కి పోయింది. కాఫీల మీద మీగడ కట్టింది. మాస్టారు రెండుసార్లు గోడ గడియారం చూశాడు. అక్కకి తొందరేం లేదు.

చివరికి తీపి గొంతు పలికింది. "ఈ గది నాది. ఇవ్వను. బల్ల ఎవరూ ముట్టుకోవద్దు. చెల్లీ, నా మాట నేను చెప్పుకుంటాను."

మాస్టారు పరికరం జేబులో పెట్టుకున్నాడు. ఏదో పని గుర్తొచ్చిందన్నాడు. చెప్పులు వేసుకుంటూ, టెక్నాలజీ చాలా ముందుకెళ్ళిపోయిందండీ అని గాల్లోకి అనేసి వెళ్ళిపోయాడు.

బావ తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గుపడ్డాడని కాస్త చల్లబడబోయాను. అంతలో అన్నాడు. "ఈ ముక్కేదో ముందే చెప్పి ఉంటే సరిపోయేదిగా. మాస్టారు ముందు నా పరువు..."

జవాబు నోటిదాకా వచ్చింది. అక్క వైపు చూసి మింగేశాను. అక్క ట్యాబు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

"చెప్పబోయాను," అంది గొంతు. "ప్రతిసారీ."

బావ తన వేళ్ళు తను చూసుకున్నాడు. అత్తయ్యగారు లేచి చల్లారిన కప్పులు తీసింది. అక్క కుట్టుగదిలోకి వెళ్ళి కిటికీ బార్లా తెరిచి, బల్ల మీద యూనిఫారం బట్ట పరిచింది. నేను మిషను ముందు కూర్చున్నాను. అక్క కాసేపు నా వైపు చూసి, కత్తెర మొనతో బల్ల మీద సర్రున గీసింది.

కానిచ్చాను.