రొండిన తాళంచెవి

రాఘవమ్మ ఆముదం గిన్నెతో అరుగు మీదికి వచ్చేసరికి బడి వదిలేశారు. పిల్లలంతా ఇళ్లకు పోయారు, మునెమ్మ తప్ప. ఆ పిల్ల కాలికి ఇనుప కడియం, కడియానికి గొలుసు, గొలుసు చివర చింతమొద్దు. దాన్నే బొండ అంటారు. పొద్దుగూకి తల్లి వచ్చేదాకా విప్పరు. తాళం వేసేది రాఘవమ్మ మొగుడు దామోదరం అయ్యవారు. తాళంచెవి రొండిన దోపుకునేది, ఒరుసుకుపోయిన చీలమండకు ఆముదం పట్టించేది రాఘవమ్మ. అరుగు ఊడ్చేదీ, పెరటి బావిలో నీళ్లు చేది కుండ నింపేదీ ఆమే. పేరు మాత్రం అయ్యవారి బడి!

మునెమ్మ తల్లి కుప్పమ్మ స్వర్ణముఖి ఏట్లో అద్దకం బట్టలు ఉతుకుతుంది. పిల్ల బడి ఎగ్గొట్టి ఏటికి పరిగెత్తేది, అందుకే ఈ బొండ. "కండ్లు రెండూ ఇడిసిపెట్టి ఏమైనా సెయ్యి సామీ, నాలుగచ్చరాలు వస్తే సాలు," అని కుప్పమ్మే అప్పజెప్పిపోయింది. కాపురానికి దిగబెట్టిన రోజు రాఘవమ్మ నాయన కూడా ఇంచుమించు అంతే అన్నాడు: "ఇంక మీ పిల్ల. కొడతారో తిడతారో మీ ఇష్టం." అత్త అప్పుడే తేల్చేసింది: "మా కోడండ్లు అరుగు దిగరు." ఏరు వీధి చివరే. రాఘవమ్మ ఇంతవరకు అందులో కాలు పెట్టలేదు. పలకరించే మనిషి లేక బియ్యంలో రాళ్లేరుతూ తనతో తనే మాట్లాడుకునేది. నిజం చెప్పాలంటే, ఆముదం రాసే ఈ కాసేపే ఆమెకు మనిషి తోడు. అది తలచుకుంటే ఆమెకే సిగ్గేసేది.

"మంటగా ఉండాదా?"

"లేదమ్మా, అలవాటైపాయ." పిల్ల ఆమె కాళ్లవైపు చూసింది. "నువ్వు యాడికీ పోవు గదా. నీకెప్పుడు ఏసినారు బొండ?"

ఎకసెక్కానికి అడగలేదు. బొండ వేస్తేనే మనుషులు కదలకుండా ఉంటారని దానికి తెలిసింది అంతే.

రాఘవమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్లూ తను దయగలదాన్నే అనుకుంది. ఆముదం రాసే చేతికి రొండినున్న తాళంచెవి ఒక్కనాడూ తగల్లేదా? ఏడుపొచ్చింది, తన మీద తనకే ఒళ్లు మండింది. తాళంచెవి తీసి తిప్పింది. కడియం ఊడింది.

"పో, మీయమ్మ కాడికి."

గొలుసు చప్పుడుకు కునుకు చెడి దామోదరం లోపలినుంచి వచ్చాడు. "ఎవురే ఇప్పమనింది?"

"ఎవురూ అన్లేదు. తాళంచెవి నా కాడే గదా ఉండాది."

అతను ఇంకేదో అంటున్నాడు. రాఘవమ్మ చేతి జిడ్డు కొంగుకు తుడుచుకుని అరుగు దిగింది.

"ఉండవే మునెమ్మా, నేనూ ఏటికి వస్తా."